గంట ఆరిన గొలుసు

గొలుసులక్క అనగానే మెడనిండా నగలు దిగేసుకుని తిరిగే మనిషి అనుకునేరు. ఆవిడ మెడలో సన్నతీగ కూడా లేదు. యాసిడ్ ఆవిర్ల మధ్య పనిచేసేవాళ్ళ ఒంటిమీద బంగారం తప్ప ఇంకే లోహమూ నిలవదని, బంగారం కొనాలంటే జీతం నిలవదని ఆవిడే నవ్వుతూ చెప్పేది. ఆవిడ కట్టే గొలుసులు కంటికి కనిపించేవి కావు. ఇరవై రెండేళ్ళలో ఆరువందల పైచిలుకు కట్టింది. వాటిలో ఒక్కటి నిలబడిందని రెండేళ్ళ పాటు నమ్మింది. ఆ ఒక్కదాని కథే ఇది.

ముందు పని సంగతి చెప్పాలి, లేకపోతే కథ తలకెక్కదు. మన ఒంట్లో ముప్పాతిక పనులు ప్రొటీన్లే చేస్తాయి. ప్రొటీన్ అంటే పూసల గొలుసు. అందులో కొన్ని ముక్కలు స్ప్రింగులా మెలితిరిగి ఉంటాయి. ఆ మెలిక సరిగ్గా ఉంటేనే అది వెళ్ళి ఇంకో ప్రొటీన్ గాడిలో కూచుని పని జరిపిస్తుంది, లేదా చెడ్డపని ఆపేస్తుంది. మరి ఆ మెలిక ముక్కనే మందుగా ఇవ్వొచ్చుగా అంటే, ఒళ్ళు దాన్ని అరగంటలో కొరికి పారేస్తుంది. అందుకని ఒంటికి పరిచయం లేని పూసలతో నకిలీ గొలుసు కట్టాలి. దాన్ని ఒళ్ళు కొరకలేదు. అంతవరకు బాగానే ఉంది. కానీ నకిలీ పూసలకి ఓ పాడుబుద్ధి ఉంది, అవి మెలి తిరగవు. నీళ్ళలో వేస్తే నూలుపోగులా సాగిలపడి ఉంటాయి. నీళ్ళలో, ఒంటి వేడి దగ్గర, మెలిక వదలకుండా నిలబడే నకిలీ గొలుసు ఒకటి కట్టాలని మూడో అంతస్తులో చివరి గదుల్లో ఉన్న ఆ ల్యాబు పట్టుబట్టింది. దానికి పెద్ద ఒక ప్రొఫెసరు. ఎదురుగా అందరూ సార్ అంటారు, చాటుగా పెద్దాయన అంటారు.

అక్క అక్కడ చేరింది గాజుసామాను కడగడానికి. ఇరవై నాలుగో ఏట. చేరిన పదో రోజున, గొలుసు కడుతున్న విద్యార్థికి జ్వరమొచ్చి సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. ఆపేస్తే నాలుగు రోజుల పని నీళ్ళపాలు. కడుగుతూ కడుగుతూ ఓరకంట చూసి నేర్చుకున్నది చాలని, మిగిలిన ఆరు పూసలూ అక్కే వేసింది. గాజుగొట్టంలో జల్లెడ, జల్లెడ మీద ఇసకలాంటి గింజలు, ఆ గింజలకి మొదటి పూస. అయిదుసార్లు కడగాలి, పూస చివరనున్న రసాయనపు మూత తియ్యాలి, మళ్ళీ అయిదుసార్లు కడగాలి, తరవాత పూస. విద్యార్థి తిరిగొచ్చేసరికి గొలుసు సిద్ధంగా ఉంది. పెద్దాయన దాన్ని పరీక్ష చేయించి, "ఇంత శుభ్రంగా ఎవరు కట్టారు?" అని అడిగాడు. ఆ మర్నాటి నుంచి గిన్నెలు కడగడానికి ఇంకొకరు వచ్చారు. జీతం మాత్రం చాలాకాలం గిన్నెల జీతమే.

రెండో వారంలో పెద్దాయన పక్కన నిలబడి మరో పని నేర్పాడు. కట్టిన గొలుసులు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. వాటిని విడదియ్యడానికి ఓ రకం ఆల్కహాలులో కరిగించాలి. ల్యాబులో దాన్ని ఘాటుసారా అనేవారు. ఆ సారాకి ఓ గుణం ఉంది, అందులో వేస్తే మెలిక రాని గొలుసుకి కూడా మెలిక వస్తుంది. తాడుముక్క వేసినా స్ప్రింగై లేస్తుందని ఆ వృత్తివాళ్ళ మోటు జోకు. కనక గొలుసులు విడిపోయాక సారా మొత్తం ఎగిరిపోవాలి, ఆ తరవాతే నీళ్ళు పోసి మెలిక ఉందో లేదో చూసే మిషన్లో పెట్టాలి. లేకపోతే మెలిక గొలుసుదో సారాదో తెలియదు. పెద్దాయన గొట్టాన్ని నైట్రోజన్ గొట్టం కింద పట్టి చూపించాడు. "ఇలా సన్నగా గాలి వదులు. గంట చాలు." అక్క తల ఊపింది. ఆ రోజు మొదలు ప్రతి గొలుసుకీ నోటుబుక్కులో తన గుండ్రటి రాతలో రాసుకుంటూ వచ్చింది: గంట ఆరబెట్టాను.

ఆ ల్యాబు నుంచి నలభై మూడు పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి. పైన పెద్దాయన పేరు, ఆయన విద్యార్థుల పేర్లు, ఒక్కోసారి ఏ పనీ చెయ్యకుండా టీ తాగి వెళ్ళిన పెద్దమనుషుల పేర్లు. చివర్న చిన్న అక్షరాల్లో "సాంకేతిక సహాయానికి కృతజ్ఞతలు". ఎవరికి కృతజ్ఞతలో కూడా రాసేవాళ్ళు కాదు. గాడిద చాకిరీకి గడ్డిపరక అన్నమాట.

దీని గురించి అక్క కన్నా ఎక్కువ మండిపడేది వాళ్ళత్తగారు. ఆవిడ అచ్చాఫీసులో ముప్పై రెండేళ్ళు సీసపు అక్షరాలు పేర్చిన మనిషి. అక్షరాన్ని తలకిందులుగా చదవడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. ఊళ్ళో పుట్టినవాళ్ళ పేర్లు, పోయినవాళ్ళ పేర్లు, గెలిచినవాళ్ళవి, ఓడినవాళ్ళవి అన్నీ ఆవిడ వేళ్ళ మధ్య నుంచే వెళ్ళాయి. తమ ఇంటి పేరు మాత్రం ఒక్కసారీ పేర్చే అవకాశం రాలేదు. ఇక మిగిలింది కోడలే. కొడుకు మీద ఆవిడకి ఆశ లేదు. అతను లిఫ్టు మెకానిక్కు. జనాన్ని పైకి పంపే ఉద్యోగం చేస్తూ తను బేస్‌మెంటులోనే ఉండిపోయాడని తల్లే అంటుంది, అతనూ నవ్వేస్తాడు.

కోడలు చెప్పులు విప్పుతుండగానే అడిగేది, "నీ పేరు పడిందా అమ్మాయ్?"

"పడలేదు అత్తయ్యా."

"నీకు నోరు లేదు. అడగందే అమ్మైనా పెట్టదు. ఆయన పెడతాడా?"

"అడిగితే తీసేస్తాడేమో అత్తయ్యా."

"ఉంటే కదే తియ్యడానికి!"

నాలుగువందల ఎనభై ఎనిమిదో గొలుసు దగ్గర అక్క నోరు తెరిచింది. పేరు కోసం కాదు, పూస కోసం. ఇన్ని గొలుసులు కట్టాక ఆవిడకి ఒకటి తోచింది. మెలికలో ఒక చుట్టుకి దాదాపు నాలుగు పూసలు పడతాయి కనక, ప్రతి నాలుగో చోటా లావుపాటి పూస ఒకటి వేస్తే అవన్నీ ఒకే పక్కకి చేరి, ఒకదాన్నొకటి ఒరుసుకుని మెలికని పట్టి ఉంచుతాయేమో. పెద్దాయనకి కాగితం మీద గీసి చూపించింది. ఆయన ముందు నవ్వాడు. తరవాత కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "కట్టి చూడమ్మా" అన్నాడు.

నాలుగు రోజులు కట్టింది. సారాలో కరిగించింది, గంట ఆరబెట్టింది, మూడు చుక్కల నీళ్ళు పోసి మిషన్లో పెట్టింది. మెలిక లేకపోతే మిషన్ గీసే గీత చదునుగా పోతుంది. మెలిక ఉంటే గీతలో రెండు లోయలు పడతాయి. ఆ మధ్యాహ్నం రెండు లోయలూ పడ్డాయి. వేడి పెంచుకుంటూ పోయింది. ఒంటి వేడి దాటినా లోయలు పూడలేదు. పెద్దాయన ఆ వయసులో వరండాలో పరిగెత్తాడు. అక్క స్టూలు మీద కూచుని చేతులకేసి చూసుకుంది. ఆనందం అంటే అదే అయితే, ఆవిడ జన్మలో అంత ఆనందం అంతకు ముందు లేదు, ఆ తరవాతా లేదు.

దాని మీద మొదటి పత్రం అచ్చయింది. అందులోనూ పేరు లేదు. కానీ పెద్దాయనకే మనసొప్పలేదేమో, పిలిచి చెప్పాడు. "రెండో పత్రం పెద్దది వస్తోంది. అందులో నీ పేరు పైన, మాతో పాటే. వరసలో మూడో పేరు నీదే. మాటిస్తున్నాను." అక్క ఇంటికొచ్చి అత్తగారి చెవిలో చెప్పింది. అత్తగారు ఆ రాత్రి కొడుక్కి రెండోసారి వడ్డిస్తూ, "ఇది మూడో పేరుట్రా, మూడో పేరంటే మాటలా" అంది. ఆవిడకి పత్రంలో ఏముందో అక్కర్లేదు, పేరు ఏ సైజులో వేస్తారో కావాలి.

అలాంటి సమయంలో మరో ఊరి ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది. మీ గొలుసు మేం రెండుసార్లు కట్టాం, మెలిక రాలేదు అని. పెద్దాయన మండిపడ్డాడు. "చేతకానివాళ్ళు కట్టి మనల్ని అంటారా? వచ్చి చూసుకోమను!" వాళ్ళూ ఊరుకోలేదు, ఓ పీహెచ్‌డీ డాక్టరమ్మ బయల్దేరి వచ్చింది. ఆవిడ ఎక్కిన రైలు మూడు గంటలు ఆలస్యం. వచ్చేసరికి గొలుసు గంట ఆరి, మూత బిగించిన గొట్టం అడుగున మెరిసే పొరలా ఉంది. అక్క ఆవిడ కళ్ళముందే నీళ్ళు పోసింది, మిషన్లో పెట్టింది. రెండు లోయలు, గీసినట్టు పడ్డాయి. డాక్టరమ్మ అక్క చెయ్యి పట్టుకుని, "చేతిలో ఏం పెట్టుకు పుట్టావమ్మా!" అంది. వెళ్తూ వెళ్తూ మరో మాట కూడా అంది, మామూలుగానే. "మా దగ్గర కట్టిన అమ్మాయి చేతులు కుదురైనవి కావని మాకు అనుమానంగానే ఉండేది. పోయిన నెలలో పనిలోంచి తీసేశాం లెండి."

వచ్చే గురువారం రెండో పత్రం పంపాలని నిశ్చయమైంది. పేర్ల వరస టైపు చేసి గోడకి అంటించారు. మూడోది అక్క పేరే. ఆవిడ ఆ గోడ పక్కనించి రోజుకి పదిసార్లు పనున్నా లేకపోయినా నడిచింది.

శుక్రవారం నాడు, ఎందుకైనా మంచిది, మరోసారి కొలుద్దామనుకుంది. ఎవరూ అడగలేదు. అదే ఆవిడ రోగం. గొలుసుని సారాలో కరిగించాక చూస్తే నైట్రోజన్ సిలిండరు ఖాళీ. కొత్తది సోమవారం గానీ రాదు. సరేనని గొట్టాన్ని మూల గదిలో ఉన్న వాక్యూమ్ పంపుకి తగిలించి ఇంటికి వెళ్ళిపోయింది. అది రాత్రంతా గుంజుతుంది, గొట్టంలో గాలి కూడా మిగలదు. శనివారం పొద్దున్నే వచ్చి నీళ్ళు పోసి మిషన్లో పెట్టింది. గీత చదునుగా పోయింది.

పంపు పాడుచేసిందనుకుంది. నీళ్ళు మంచివి కావనుకుంది. మిషన్ దీపం పోయిందనుకుని దానికి వేరే పరీక్ష పెట్టింది, దీపం నిక్షేపంలా ఉంది. సోమవారం సిలిండరు రాగానే గంట ఆరబెట్టి చూసింది. లోయలు పడ్డాయి. ఆ రోజే ఇంకో గొట్టం తీసుకుంది. గంట ఆరబెట్టి, త్రాసు మీద తూచింది. పంపు మీద రాత్రంతా పెట్టి మర్నాడు మళ్ళీ తూచింది. ఇరవై ఎనిమిది మిల్లీగ్రాములు తగ్గింది. పది ఆవగింజల బరువు. మూడు చుక్కల నీళ్ళకి అరచుక్క సారా.

మిగతా గొలుసులన్నీ పొడిపొడిగా ఆరేవి, వాటికి గంట నిజంగానే చాలు. ఇది జిగురు గొలుసు. ఆ జిగురు లావుపాటి పూసల వల్ల వచ్చింది. నాలుగేసి పూసలకొకటి ఏరి కోరి ఆవిడ పెట్టుకున్న పూసలే సారాని కడుపులో దాచుకున్నాయి. గొలుసు నిలబడలేదు, రెండేళ్ళుగా సారానే నిలబెట్టింది. తన తెలివే తన కొంప ముంచితే ఎవరిని తిట్టుకోవాలి?

మంగళవారం అంతా మింగలేక కక్కలేక తిరిగింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. డాక్టరమ్మే ఒప్పుకుని వెళ్ళింది. పెద్దాయన నాలుగు నెలల్లో రిటైరవుతాడు, పేరు అచ్చయిపోతుంది, అత్తగారు కళ్ళారా చూసుకుంటుంది. ఏళ్ళు గడిచాక ఎవరైనా కనిపెడితే అప్పటి సంగతి అప్పుడు. అక్క ఏమీ సత్యసంధురాలు కాదు, బస్సులో కండక్టరు రాకపోతే టికెట్టు కొనకుండా దిగిపోయే మనిషే. కానీ పనిలోంచి తీసేసిన ఆ పిల్ల మాత్రం ఆవిడ కళ్ళముందు నుంచి కదలలేదు. ముఖం తెలియదు, వయసు తెలియదు. చేతులు మాత్రం తెలుసు. ఆ చేతులు సరిగ్గానే కట్టాయి, సారా చుక్క మిగలకుండా ఆరబెట్టాయి కూడా. ఆ పిల్ల ఈపాటికి ఎక్కడో కూచుని నాకే చేతకాలేదనుకుంటూ ఉంటుంది. ఎల్లుండి పత్రం వెళ్ళాక ఇంకో పది ఊళ్ళలో ఇంకో పదిమంది అలాగే అనుకుంటారు.

బుధవారం పొద్దున్న పెద్దాయన గదిలోకి వెళ్ళింది. ఆయన సగం పుస్తకాలు అప్పటికే అట్టపెట్టెల్లోకి ఎక్కాయి.

"సార్, గొలుసు నిలబడటం లేదు."

"ఏ గొలుసమ్మా?"

"మనదే సార్."

ఆయన నమ్మలేదు. రెండు గొట్టాలూ పక్కపక్కనే చూపించింది. ఒకదానికి లోయలు, ఒకదానికి బల్లపరుపు గీత. తూకం కాగితం కూడా ముందు పెట్టింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు, అందులో చూడ్డానికి ఉన్నవి రెండే అంకెలు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నాలుగు నెలలు ఆగలేకపోయావా అమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

తరవాత జరగాల్సినవి జరిగాయి. గోడ మీది కాగితం ఎవరో చింపేశారు. రెండో పత్రం ఆగిపోయింది. మొదటి పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నామని పత్రికలో ప్రకటన వెయ్యాలి. పెద్దాయన అది తనే రాశాడు, ఆ మాత్రం పెద్దరికం ఉంది. తప్పు దాచలేదు. ఎక్కడ జరిగిందో వివరంగా రాసి, సంతకానికి అక్కని పిలిచాడు. నమూనా తయారుచేసిన సహాయకురాలు, ఫలానా, ద్రావకాన్ని పూర్తిగా తొలగించకపోవడం వల్ల ఫలితాలు తప్పుగా వచ్చాయి అని ఉంది. ఫలానా అన్నచోట అక్క పేరు, ఇంటిపేరుతో సహా.

"నీ పేరు లేకుండా రాద్దామనే చూశాను. ఎవరి చేతిలో జరిగిందో స్పష్టంగా ఉండాలన్నారు పత్రికవాళ్ళు" అన్నాడు పెద్దాయన.

అక్క కాగితం పట్టుకుని నిలబడింది. ఇరవై రెండేళ్ళలో ఆయనకి ఎదురు చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది, అదీ గొణిగినట్టుగా. "గంట చాలని మీరే చెప్పారు సార్. నేను చేరిన రెండో వారంలో."

ఆయన నిజంగానే ఆలోచించాడు. నటించలేదు, అది అక్కకి తెలుస్తూనే ఉంది. "అలా అన్నానా? గుర్తు లేదమ్మా... ఎక్కడైనా రాసి ఉందా?"

రాసి ఉంది. ఆరువందల చోట్ల రాసి ఉంది, అంతా అక్క రాతే. గంట ఆరబెట్టాను, గంట ఆరబెట్టాను. ఎవరు చెప్తే ఆరబెట్టిందో ఒక్కచోటా రాసుకోలేదు. చెప్పిన మాట పెద్దవాళ్ళు మరిచిపోవచ్చు, చేసిన పని చిన్నవాళ్ళ చేతికి అంటుకునే ఉంటుంది. ఇదేమీ కొత్త సంగతి కాదు. అక్క సంతకం పెట్టింది. కలం సిరా సరిగ్గా పారక, ఆయనే ఇంకో కలం అందించాడు.

డాక్టరమ్మకి ఫోన్ చేసి ఆ పిల్ల సంగతి అడిగింది. "అయ్యో, ఆ అమ్మాయా? ఇల్లు కూడా మారిందట, ఎక్కడుందో తెలీదు" అంది డాక్టరమ్మ. నాలుగు నెలలకి పెద్దాయన రిటైరయ్యాడు. ఆ గదులు ఇంకొకరికి ఇచ్చారు, వాళ్ళకి గొలుసులు కట్టే పని లేదు. అక్కని మళ్ళీ గాజుసామాను దగ్గర వేశారు. నాలుగువందల ఎనభై ఎనిమిదో నంబరు సీసాలని ఆవిడే సింకులో వంచి కడిగింది.

ఆ సీసాలు కడిగిన వారంలోనే ప్రకటన పడ్డ పత్రిక వచ్చింది. ఇంట్లో చెప్పకుండా ఎన్నాళ్ళు దాస్తుంది? సాయంత్రం చెప్పులు విప్పుతుండగా అత్తగారు అడగనే అడిగింది.

"పడిందా అమ్మాయ్?"

"పడింది అత్తయ్యా."

అత్తగారు చెయ్యి చాచింది. తప్పక, అక్క పత్రిక తెరిచి చివరి పేజీ ఇచ్చింది. అడుగున గీతల మధ్య, చిన్న అక్షరాల్లో. భర్త టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. ముసలావిడ కిటికీ దగ్గరికి జరిగి కూచుంది. అందులోని సైన్సు ఆవిడకి ఒక్క ముక్క తెలియదు. కానీ పత్రికలో ఏ మూల ఏం వేస్తారో, అంత చిన్న సైజులో ఎప్పుడు వేస్తారో ముప్పై రెండేళ్ళు చేసిన మనిషికి చెప్పక్కర్లేదు. అలాంటివి ఆవిడ వందలకొద్దీ పేర్చింది, ఎవరెవరి పేర్లతోనో. పెదవులు కదుపుతూ నెమ్మదిగా చదివింది. పేరు దగ్గర వేలు ఆగింది. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, మొదటి నుంచి చివరి దాకా, మళ్ళీ చివరి నుంచి మొదటి దాకా చూసింది.

"అచ్చుతప్పు లేదమ్మాయ్" అంది. "పేరు సరిగ్గానే వేశారు."

పత్రిక మడిచి కోడలికి ఇచ్చేసింది. ఆ తరవాత ఆవిడ ఇంకో ఆరేళ్ళు బతికింది, ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.